అడవి, మొక్క, కెమెరా: హైదరాబాద్‌లో ఉండి వన్యప్రాణుల, మొక్కల ఫోటోగ్రఫీలోకి రావాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున ఏ చెరువు గట్టు మీద నిలబడినా ఎవరో ఒకరు పక్కకొచ్చి "అన్నా, చిన్న డౌటు" అంటారు. డౌటు చిన్నదే, జవాబే పెద్దది. చెప్పడం పూర్తయ్యేలోపు పిట్ట ఎగిరిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ప్రశ్నలు అవే, అడిగేవాళ్ళే మారుతున్నారు. అందుకని రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు. నేను బోటనీ చదివి, కొన్నాళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి ఇటు వచ్చినవాణ్ణి. మొక్కల వైపు కాస్త పక్షపాతం కనబడితే సర్దుకోండి.

## దిగే ముందు

"ఫోటోలు తీసి బతుకుతావా?" అని ఇంట్లో అడుగుతున్నారు. నిజంగా బతకొచ్చా?

బతకొచ్చు. కాకపోతే ఒక్క ఫోటోల అమ్మకంతో కుదరదు. పులి ఫోటో అమ్మి ఇల్లు కట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నాకు డబ్బు ఐదారు కాలవల్లో వస్తుంది: జీవజాతుల సర్వేలు, బడిపిల్లలతో ప్రకృతి నడకలు, పెద్దవాళ్ళకు వర్క్‌షాపులు, పుస్తకాలకు మొక్కల ఫోటోలు, ఎప్పుడో ఒకసారి గోడకు పెట్టుకోవడానికి ఎవరో కొనే ప్రింటు. 2020లో కరోనా వచ్చి నడకలు, వర్క్‌షాపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ ఏడాది మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే, అంతకుముందు పదేళ్ళలో పేరూ ఊరూ తేదీ రాసి దాచుకున్న మొక్కల ఫోటోల వల్లే. కాబట్టి ఇంట్లోవాళ్ళ భయంలో న్యాయం ఉంది, కొట్టిపారేయకండి. ఈ పని మీద వచ్చే డబ్బు రెండేళ్ళపాటు వరసగా ఇంటి అద్దె కట్టగలిగేదాకా ఉద్యోగం మానొద్దు.

ట్రాపికల్ వైల్డ్‌లైఫ్ అంటే అమెజాన్, బోర్నియో వెళ్ళాలి కదా? అంత డబ్బెక్కడిది?

మీరు ఉన్నదే ఉష్ణమండలంలో. కర్కటరేఖ ఇరవై మూడున్నర డిగ్రీల దగ్గర ఉంటే హైదరాబాద్ పదిహేడు డిగ్రీల చిల్లర దగ్గర ఉంది. వానాడవి మాత్రమే ఉష్ణమండలపు అడవి అనుకోవడం టీవీ నేర్పిన అలవాటు. మనది ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి: టేకు, తునికి, మోదుగ, ఇప్ప, బిల్లుడు. వానాడవిలో ఏడాది పొడవునా ఆకుపచ్చే. మన దగ్గర ఒకే చెట్టు ఫిబ్రవరిలో మోడు, మార్చిలో మంట, జులైలో గొడుగు. ఒకే చోటికి పన్నెండు నెలలు వెళ్ళేవాడికి ఇంతకంటే పెద్ద పాఠశాల లేదు. తడి అడవి చూడాలనిపిస్తే మారేడుమిల్లికి వెళ్ళండి, ఇంకా కావాలంటే పడమటి కనుమలకు. పాస్‌పోర్టు తర్వాత చూద్దాం.

నేను సాఫ్ట్‌వేర్. బోటనీ, జువాలజీ ఏమీ రావు. పనికొస్తానా?

వస్తారు. ఈ ఊళ్ళో బైనాక్యులర్స్ మెడలో వేసుకుని తిరిగేవాళ్ళలో మీవాళ్ళే ఎక్కువ. పక్షి శాస్త్రవేత్త సలీం అలీకి యూనివర్సిటీ డిగ్రీ లేదని ఒక సర్కారీ ఉద్యోగం రాలేదు. అదే మనిషి 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. డిగ్రీ లేకపోవడం లోటు కాదు, నోటుబుక్కు లేకపోవడం లోటు. మీ ఇంటికి కిలోమీటరు లోపల వంద జీవులను, అంటే చెట్లు, కలుపు మొక్కలు, పిట్టలు, సీతాకోకచిలుకలు, సాలీళ్ళను పేరుతో గుర్తుపట్టేదాకా ఊరు దాటకండి. ఎనిమిది నెలలు పట్టొచ్చు, ఏడాదిన్నర పట్టొచ్చు.

మా అబ్బాయి ఇంటర్ అయిపోయింది. ఏం చదివించాలి?

అడవి మీద ఇష్టముంటే సిద్దిపేట జిల్లా ములుగులో ఉన్న ఫారెస్ట్ కాలేజీలో బీఎస్సీ ఫారెస్ట్రీ. కెమెరా మీద ఇష్టముంటే మాసాబ్ ట్యాంక్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫోటోగ్రఫీలో బీఎఫ్‌ఏ. ఏదీ తేల్చుకోలేకపోతే మామూలు బీఎస్సీ బోటనీ, జువాలజీ. ఆ తర్వాత డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ బెంగళూరు ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో గానీ ఎమ్మెస్సీ సీటు వస్తే దారి తేలికవుతుంది. సీట్లు బాగా తక్కువ, ముందే చెబుతున్నా. ఇంకోటి, అబ్బాయినే కాదు, అమ్మాయినీ పంపండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఫీల్డు నోట్సు శ్రద్ధగా రాసేది అమ్మాయిలే.

నలభై దాటాయి. ఇప్పుడు మొదలుపెడితే నవ్వుతారా?

నవ్వరు. మోకాళ్ళు మాత్రం గుర్తుచేస్తాయి. గడ్డిపూల ఫోటోలకు నేల మీద పడుకోవాలి, లేవాలి, మళ్ళీ పడుకోవాలి.

## సామాను

బిగినర్‌కి ఏ కెమెరా మంచిది?

చేతిలో ఉన్నది. లేకపోతే కోఠి, అబిడ్స్ వైపు సెకండ్‌హ్యాండ్‌లో దొరికే క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్ ఉన్న) బాడీ. దాని మీద 400 మిల్లీమీటర్ల లెన్సు పెడితే 600తో తీసినంత దగ్గరగా కనిపిస్తుంది, పిట్టలకు అదే లాభం. కొనే ముందు షట్టర్ కౌంటు, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారో అడగండి. లెన్సులోంచి ఫోన్ టార్చి వేసి చూసి, సాలెగూడు లాంటి తెల్లటి గీతలు కనబడితే అది బూజు, ఎంత చవకైనా వద్దు. మోడల్ పేర్లు అడక్కండి. ఈ ఏడాది చెప్పింది వచ్చే ఏడాదికి పాతబడుతుంది.

పెద్ద జూమ్ ముందు కొనాలా, మాక్రో (చిన్నవాటిని అతి దగ్గరగా తీసే) లెన్సు ముందు కొనాలా?

అందరూ 150-600 మిల్లీమీటర్ల జూమ్ కొంటారు. కొన్నాక పిట్ట దూరంగానే ఉంటుంది, మధ్యలో ఎండ వేడికి గాలి అలల్లా ఊగి ఫోటో మెత్తబడుతుంది. లెన్సు బాలేదని తిట్టుకుంటారు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నర దాటాక దూరపు ఫోటో ఎంత ఖరీదైన లెన్సుతో తీసినా అంతే.

నన్నడిగితే ముందు 90 నుంచి 105 మిల్లీమీటర్ల మధ్య ఒక మాక్రో. పువ్వు, ఆకు అడుగుభాగం, బెరడు, చీమ, సాలీడు, కప్ప, తొండ అన్నీ దానితో వస్తాయి, మనిషి ఫోటో కూడా వస్తుంది. లెన్సు రంధ్రం (అపర్చర్) ఎఫ్11 దగ్గర పెట్టి ఫ్లాష్ వాడండి. ఫ్లాష్ ముందు వెలుగు మెత్తబడటానికి తెల్లటి ఐస్‌క్రీం డబ్బా మూత కట్టండి, నేను ఇప్పటికీ అదే వాడుతున్నా. ఎఫ్16 దాటితే ఫోటో అంతటా పదును తగ్గడం మొదలవుతుంది, కాబట్టి మరీ ముందుకు పోకండి. మాక్రోతో ఏడాది పనిచేశాక జూమ్ కొంటే, అప్పటికి జంతువు దగ్గరికి ఎలా వెళ్ళాలో ఒంటికి తెలిసి ఉంటుంది.

ఫోన్‌తో తీసినవి పనికిరావా?

మొక్కలకు బాగా పనికొస్తాయి. చెట్టు మొత్తం ఆకారం, అది ఉన్న చోటు ఫోన్‌లోనే బాగా వస్తాయి, పైగా లొకేషన్ దానంతటదే నమోదవుతుంది. ప్రింటుకు, పిట్టకు చాలదు.

వానాకాలంలో లెన్సుకు బూజు పడుతోంది. బియ్యం డబ్బాలో పెట్టొచ్చా?

వద్దు. బియ్యం తేమ లాగేది కొంచెం, లెన్సులోకి పొడి వదిలేది ఎక్కువ. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు చాలు. తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉండాలి. అన్నిటికంటే చెడ్డ చోటు బట్టల బీరువా, తోలు బ్యాగు. ఏసీ కారు దిగగానే కెమెరా తీస్తే అద్దం మీద ఆవిరి కమ్ముకుంటుంది. బ్యాగులోనే పావుగంట ఉంచి తీయండి. ఆ పావుగంట ఓపిక లేక నేను పోగొట్టుకున్న ఫోటోల లెక్క చెప్పను.

## ఫీల్డులో

ఊరు దాటకుండా ఎక్కడ నేర్చుకోవచ్చు?

నెమళ్ళకు, పెద్ద చెట్లకు కేబీఆర్ పార్కు. నడకకు వచ్చేవాళ్ళ గోల ఉంటుంది, అక్కడి నెమళ్ళకు అది అలవాటే. కృష్ణజింకలకు వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి, చుక్కల దుప్పులకు చిలుకూరు దగ్గర మృగవని. నీటి పక్షులకు అమీన్‌పూర్ చెరువు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నీళ్ళు తగ్గి బురద తేలినప్పుడు హిమాయత్‌సాగర్, గండిపేట అంచులు. సీతాకోకచిలుకలకు, మూసీ పుట్టిన చోటు చూడటానికి వికారాబాద్ అనంతగిరి. మొసళ్ళకు సంగారెడ్డి దగ్గర మంజీరా. కెమెరా టికెట్టు, వేళలు మారుతుంటాయి, గేటు దగ్గర అడిగి లోపలికి వెళ్ళండి.

వీటన్నిటికంటే మీ కాలనీలో ఖాళీగా ఉన్న ప్లాటు మంచిది. కాకపోతే వచ్చే ఏడాదికి అక్కడ అపార్ట్‌మెంట్ లేస్తుంది.

ఏ నెలలో ఏం దొరుకుతుందో క్యాలెండర్ ఏదైనా ఉందా?

ఉంది, మన పంచాంగం. కార్తెలు చూసుకుంటే చాలు.

మృగశిర చినుకులకు కప్పలు లేస్తాయి. పెద్ద బావురుకప్పల్లో మగవి ఒకటి రెండు రాత్రులు నిమ్మపండు రంగుకు మారి గుంటల్లో అరుస్తాయి. ఆ రంగు ఎక్కువసేపు నిలవదు, చినుకు పడ్డ రాత్రే వెళ్ళాలి. ఆరుద్రలో ఎర్రటి మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్నాం గుర్తుందా, అవే. అవి పురుగులు కావు, సాలీడు చుట్టాలు. వానకు చెదపురుగులు రెక్కలతో లేస్తే వాటిని తినడానికి బయటికొస్తాయి. ఆ రోజు ఒక్క గజం నేల మీద ఉసిళ్ళు, చీమలు, కప్పలు, తొండలు అన్నీ ఒకదాన్నొకటి తింటూ కనబడతాయి. నాకు ఏడాది మొత్తంలో ఇష్టమైన రోజు అదే.

వానలు ముదిరాక అడవినాభి పూస్తుంది, గిజిగాళ్ళు ఈతచెట్లకు గూళ్ళు అల్లుతాయి. బతుకమ్మ నాటికి తంగేడు, గునుగు. నవంబరు నుంచి చెరువుల్లో వలస బాతులు. శివరాత్రికి అటూ ఇటూ మోదుగ, బూరుగ, ఆ తర్వాత కొండగోగు. మోదుగ మీద గులాబీ గోరువంకల గుంపులు వాలతాయి. తేనె తాగి, మధ్య ఆసియా వైపు తిరుగు ప్రయాణం కడతాయి. ఉగాదికి ఇప్పపూలు, ఏప్రిల్, మే నెలల్లో రేల. రోహిణిలో మనిషి బయటికి రాలేడు, జంతువు మాత్రం నీటి గుంట దగ్గరికి రాక తప్పదు.

అమ్రాబాద్, కవ్వాల్ పులుల అభయారణ్యాల లోపలికి వెళ్ళి ఫోటోలు తీయాలంటే పర్మిషన్ కావాలా?

కావాలి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్ళడానికి, అందులో ఫోటోలు తీయడానికి అటవీశాఖ అనుమతి ఉండాలి. మామూలు సందర్శకుడికి సఫారీ టికెట్టే ఆ అనుమతి. అమ్రాబాద్‌కు ఫర్హాబాద్ గేటు, కవ్వాల్‌కు జన్నారం. సినిమా, డాక్యుమెంటరీ, పరిశోధన అంటే శాఖకు విడిగా దరఖాస్తు, దానికి నెలలు పట్టొచ్చు. వానాకాలం జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ మూసేస్తారు. శ్రీశైలం రోడ్డు మీద రాత్రిపూట అడవిలోకి వాహనాలను వదలరు, ప్లాను దాన్నిబట్టి వేసుకోండి. పులి కోసమే వెళ్ళేవాళ్ళు నిరాశతో తిరిగొస్తారు. నల్లమలలో పులి కనబడటం అదృష్టం, తునికి చెట్టు కనబడటం ఖాయం.

డ్రోన్ ఎగరేయొచ్చా?

అభయారణ్యాల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. చెరువుల మీద కూడా వద్దనే చెబుతా, బాతుల గుంపు మొత్తం లేచిపోతుంది.

గూటి ఫోటోలు అందరూ పెడుతున్నారు, తప్పేంటి?

మీరు గూటికి ఎదురుగా నిలబడినంతసేపు తల్లి రాదు. మే నెల ఎండలో పిల్లలు అరగంటలో వాడిపోతాయి. ఫోటో బాగా రావాలని అడ్డొచ్చిన కొమ్మ తుంచితే కాకికి దారి చూపించినట్టే. తెలిసీ తెలియని రోజుల్లో నేనూ ఒక గూటి దగ్గర గంటసేపు కూర్చున్నాను. మర్నాడు వెళ్తే గూడు ఖాళీ. నా వల్లేనో కాదో రుజువు లేదు, ఆ ఫోటో మాత్రం ఎవరికీ చూపించలేదు.

ఫోన్‌లో పిట్ట కూత వినిపించి రప్పించడం కూడా ఇంతే. పక్క మగపిట్ట వచ్చిందనుకుని ఉన్న పని వదిలి యుద్ధానికొస్తుంది.

లొకేషన్ పెట్టకపోతే "దాచుకుంటున్నావ్" అంటున్నారు. పెట్టాలా?

కాకి, గోరువంకకు పెట్టండి. గుడ్లగూబ, నక్షత్ర తాబేలు, అరుదైన సాలీడు, ఆర్కిడ్ అయితే జిల్లా పేరుతో ఆపండి. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టేవాళ్ళున్నారు. గుత్తి పేరు మీద ప్రసిద్ధమైన నీలిరంగు టరాంటులా తూర్పు కనుమల్లో, ముఖ్యంగా మన నల్లమల ప్రాంతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. విదేశాల్లో దాన్ని పెంపుడు జీవిగా అమ్ముతారు. మీ ఫోటోలో మైలురాయి కనబడితే కొనేవాడికి దారి దొరికినట్టే. ఫోన్‌తో తీసిన ఫోటోలో లొకేషన్ దాగి ఉంటుంది, పంపే ముందు తీసేయండి.

దసరాకు పంజరంలో పాలపిట్ట తెస్తారు కదా, దాన్ని ఫోటో తీసుకోవచ్చా?

దయచేసి వద్దు. పాలపిట్టను పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. పండగ కోసం పట్టిన పిట్టలకు ఎగరకుండా రెక్కలు కట్టేస్తారు, తిండి పెట్టరు. మీరిచ్చే యాభై రూపాయలే వచ్చే ఏడాది వలకు పెట్టుబడి. రాష్ట్ర పక్షిని చూడాలంటే పండగ పొద్దున పొలాల వైపు వెళ్ళండి, కరెంటు తీగ మీద కూర్చుని ఉంటుంది. రెక్క విప్పినప్పటి నీలం చూస్తే పెద్దలు దసరాకు దాన్నే ఎందుకు చూడమన్నారో తెలుస్తుంది.

పాము కనబడితే ఎంత దగ్గరికి వెళ్ళొచ్చు? కరిస్తే?

దాని పొడవుకు మూడింతల దూరం ఉంచండి, చేత్తో ముట్టొద్దు. రీల్స్‌లో పడగ పట్టుకునేవాళ్ళను చూసి నేర్చుకోవద్దు, అది చట్టప్రకారం కూడా తప్పే.

కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు వద్దు. ఆ చెయ్యి, కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేరాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్, పామును పట్టి తేనక్కర్లేదు. కట్లపాము కాటు నొప్పి లేకపోవచ్చు, నొప్పి లేదని ఇంట్లో పడుకోవద్దు.

పాముకంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి పిడుదులు, చిగ్గర్లనే కంటికి సరిగా ఆనని చిన్న జీవాలు. అడవి నుంచి వచ్చిన రెండు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకు అడవికి వెళ్ళొచ్చానని చెప్పండి. ఒంటి మీద కాలిన మచ్చలా నల్లటి చెక్కు ఉంటే అదీ చూపించండి, స్క్రబ్ టైఫస్ కావచ్చు.

## మొక్కల సంగతి

మొక్కల ఫోటోలు ఎవరు కొంటారు?

ఆయుర్వేదం పుస్తకాలవాళ్ళు, వ్యవసాయ పత్రికలు, పాఠ్యపుస్తకాలు, నర్సరీలు, మ్యూజియంలు, ఊరి జీవవైవిధ్య రిజిస్టర్లు తయారుచేసేవాళ్ళు. పులికి లక్ష ఫోటోలున్నాయి. పొనికి చెట్టు కాయ ఫోటో కావాలంటే నలుగురిని అడగాలి. నిర్మల్ బొమ్మలు చేసేది ఆ చెట్టు కర్రతోనే, అయినా కాయ ఎలా ఉంటుందో చూసినవాళ్ళు తక్కువ.

అయితే పేరు తప్పితే పరువు పోతుంది. కొత్తలో ఒక క్యాలెండరుకు తంగేడు పువ్వు ఫోటో ఇచ్చాను. అచ్చయ్యాక, బతుకమ్మకు ముందు మోండా మార్కెట్‌లో పూలమ్మే ఒకావిడ అది చూసి "ఇది తంగేడు కాదు బిడ్డా, రోడ్డు మీది చెట్టు" అంది. నేను ఎమ్మెస్సీ బోటనీ. చూస్తే ఆమె మాటే నిజం, అది సీమ తంగేడు. తంగేడుకు ఆకు తొడిమ మొదట్లో చెవుల్లాంటి రెండు పెద్ద పత్రాలుంటాయి. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటాలోని ఆరిక్యులేటా అంటే చెవులున్నదనే. నా ఫోటోలో పువ్వు తప్ప ఏమీ లేదు, అందుకే పట్టుబడలేదు. క్యాలెండరు మాత్రం వెయ్యి ఇళ్ళల్లో ఏడాదిపాటు వేలాడింది.

ఒక మొక్కకు ఎన్ని ఫోటోలు తీయాలి?

తక్కువలో తక్కువ ఏడు: మొత్తం ఆకారం, అది ఉన్న చోటు, బెరడు, ఆకు పైభాగం, ఆకు అడుగు, పువ్వు పక్కనుంచి, కాయ. ఆకు కాండానికి అతుక్కునే చోటు మర్చిపోకండి, తేడాలన్నీ అక్కడే దాక్కుంటాయి. ఒక ఫోటోలో పక్కన స్కేలు పెట్టండి. పువ్వూ కాయా ఒకేసారి ఉండవు కాబట్టి అదే చెట్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. నా దగ్గర కొండగోగు ఒకటి పూర్తవడానికి మూడేళ్ళు పట్టింది, కాయ పగిలి దూది ఎగిరే వారంలో ప్రతిసారీ ఏదో పెళ్ళి వచ్చేది.

పేరు తెలియకపోతే యాప్ చెప్పింది రాసేయొచ్చా?

యాప్ దారి చూపిస్తుంది, నమ్మి సంతకం పెట్టకండి. ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే వెబ్‌సైట్లలో పెడితే తెలిసినవాళ్ళు సరిదిద్దుతారు. గట్టిగా తేల్చుకోవాలంటే హైదరాబాద్‌లోనే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ కేంద్రం ఉంది.

వీటికి ముందు ఆ ఊళ్ళో మేకలు కాసేవాళ్ళను అడగండి, పిలిచే పేరు ఉన్నదున్నట్టు రాసుకోండి. విశాఖలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చేసిన పాముల బొమ్మల్లో రక్తపింజరకు ఇచ్చిన పేరు "కాటుక రేకుల పొడ". ఆ పాము ఒంటి మీది మచ్చలు చూసినవాళ్ళకు ఆ పేరు పెట్టింది ఎంత కన్నున్న మనిషో తెలుస్తుంది. ఇంగ్లీషులో దానికి రస్సెల్ పేరే మిగిలింది. లోకంలో లేదనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్ళీ దొరికిందీ ఊరివాళ్ళ సాయంతోనే.

## డబ్బు

జీతమొచ్చే ఉద్యోగాలేమీ లేవా?

ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లో కన్హా, పెంచ్ లాంటి పులుల అడవుల దగ్గర రిసార్టులు నేచురలిస్టులను, అంటే అతిథులకు అడవి చూపించి వివరించేవాళ్ళను, పెట్టుకుంటాయి. భోజనం, వసతి వాళ్ళవే. హిందీ, ఇంగ్లీషు, ఓపిక కావాలి. ఇక్కడైతే పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు మొక్కల, జంతువుల సర్వేకు మనుషులను తీసుకుంటాయి. డబ్బు బాగుంటుంది, ఒత్తిడీ ఉంటుంది. ఒక కన్సల్టెన్సీ నా జాబితాలోంచి రెండు జాతులు "సైలెంట్‌గా" తీసేయమంది. తీయలేదు, మిగతా సగం ఫీజు ఇప్పటికీ రాలేదు. అడ్వాన్సు ఎక్కువ తీసుకోవడం అప్పుడే నేర్చుకున్నా.

"డబ్బు లేదు, పేరు వేస్తాం" అంటే ఇవ్వాలా?

ఊరి బడికి, చెరువు కాపాడుకునే కాలనీవాళ్ళకు నేను ఊరికే ఇస్తాను. అమ్ముకునే వస్తువు మీద వేసుకునేవాళ్ళకు ఇవ్వను. డిజైనరుకు, ప్రింటరుకు డబ్బిచ్చి ఫోటో దగ్గరికి వచ్చేసరికే బడ్జెట్టు అయిపోవడం విచిత్రం.

నా ఫోటో అడక్కుండా వాడుకున్నారు. హక్కు నాదేనా?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో తీసినవారిదే హక్కు, బతికున్నంతకాలం, చనిపోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో అరవై ఏళ్ళు ఉంటుంది. రెండు మినహాయింపులున్నాయి. మీరు జీతగాడిగా ఉద్యోగంలో భాగంగా తీస్తే అది యజమానిది. ఎవరైనా డబ్బిచ్చి తమ కోసం తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే హక్కు వాళ్ళదే. ఈ రెండోది చాలామందికి తెలియదు. అందుకే పని ఒప్పుకునే ముందు "హక్కు నాది, వాడుకునే అనుమతి మీది, ఇంత కాలానికి" అని ఈమెయిల్‌లో రెండు వాక్యాలు రాయించుకోండి. దొరికిన దొంగకు ముందు మర్యాదగా బిల్లు పంపండి, సగం మంది కడతారు.

జీఎస్టీ కట్టాలా?

సేవల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాటినప్పుడు చూసుకుందాం, ముందు దాటనివ్వండి.

పోటీలకు పంపితే కెరీర్‌కు ఉపయోగమా?

గెలిస్తే పేరు. గెలవకపోతే ఎంట్రీ ఫీజు పోతుంది. నియమాలు మాత్రం చదవండి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 2009లో గెలిచిన తోడేలు ఫోటో, అది మచ్చిక చేసిన తోడేలని తేలి మరుసటి ఏడాది రద్దయింది. 2017లో గెలిచిన ఇంకో ఫోటోలోది గడ్డి కూరిన బొమ్మ జంతువట, అదీ పోయింది. రా ఫైలు, అంటే కెమెరా నమోదు చేసిన మార్పులు చేయని ఫైలు, దాచుకోండి, అడుగుతారు.

ఏఐ వచ్చింది కదా, ఇంకెవరు ఫోటోలు కొంటారు?

అలంకారానికి కొనేవాళ్ళు తగ్గారు, నా ప్రింట్ల మీద దెబ్బ కనబడుతోంది. రుజువుకు కొనేవాళ్ళు పెరిగారు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టినప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. నిజం ఫోటోలతోపాటు ఏఐతో చేసిన బొమ్మలూ తిరిగాయి, ఏది నిజమన్న గొడవ మొదలైంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అలాంటి సమయంలో తేదీ, చోటు, రా ఫైలు, నోటుబుక్కులో అదే రోజు రాసిన వరస ఉన్న ఫోటోకే విలువ. తాబేలును గీయమంటే ఏఐ గీస్తుంది. ఫలానా రోజు ఫలానా రాయి పక్కన తాబేలు ఉందని సాక్ష్యం చెప్పలేదు.

## ఇంటికి వచ్చాక

ఫోటోలు ఎలా దాచుకోవాలి?

మూడు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో. నాది మా చెల్లెలి ఇంట్లో, పోపుల డబ్బా పక్కన ఉంటుంది. ఫైలు పేరులోనే తేదీ, ఊరు, జాతి రాయండి. జాతి తెలియకపోతే "తెలియదు" అని రాయండి, ఊహించి రాయొద్దు. ఆ రాత్రే రాయండి. రేపు రాద్దామనుకున్న వందల ఫోటోలు నా దగ్గర పేరు లేకుండా పడి ఉన్నాయి, వాటిని ఎవరూ కొనలేదు, నేనూ వాడలేదు.

ఆదివారం మీతో రావచ్చా?

రండి. పొద్దున ఆరింటికల్లా మనం అనుకున్న చోట గేటు దగ్గరుండాలి, ఆరూ ఐదుకు నేను కదిలిపోతాను. మట్టి రంగు బట్టలు, నీళ్ళ సీసా, నోటుబుక్కు, పెన్సిలు తెచ్చుకోండి. పెన్ను వానకు పనిచేయదు. సెంటు కొట్టుకోవద్దు, ఫోన్ మోగొద్దు. పిల్లలు రావచ్చు, మాట్లాడే పిల్లలైనా ఫర్వాలేదు, ఫోన్‌లో మాట్లాడే పెద్దలతోనే ఇబ్బంది. మొదటి నెల కెమెరా తేవొద్దు. టిఫిన్ ఎవరిది వాళ్ళదే, చాయ్ మాత్రం కొత్తగా వచ్చినవాళ్ళు తాగించాలి.